డయల్ మీద ముళ్ళ నీడ

చంద్రభాగ నోరు మంచిది కాదని సోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనక నేతవాళ్ళ సందులో పెద్దా చిన్నా అందరూ అనేవారు. అన్నవాళ్ళలో ఒక్కరైనా ఆ నోరు అలా ఎందుకైందో అడిగిన పాపాన పోలేదు. అడిగితే తమ పేరే బయటికొస్తుందని వాళ్ళకు తెలుసు.

ఆమె పని బీడీలు చుట్టడం. పొద్దున వంట ముగించి చాట ఒళ్ళో పెట్టుకుందంటే వెయ్యి బీడీలు పూర్తయ్యేదాకా లేచేది కాదు. ఒకసారి కార్ఖానాలో చెకర్ ఆమె తెచ్చిన కట్టల్లో మూడింటిని, వదులుగా ఉన్నాయంటూ అవతలికి విసిరేశాడు. అందరి కట్టలూ అలాగే విసిరేవాడు. విసిరిన బీడీలకు కూలి ఉండదు, బీడీలు మాత్రం కార్ఖానాకే పోతాయి. మిగతా ఆడవాళ్ళు తల వంచుకుని వెళ్ళిపోయేవారు. చంద్రభాగ వెళ్ళలేదు. పారేసిన కట్టలోంచి ఒక బీడీ తీసి, వెలిగించి, వాడి చేతికిచ్చింది.

"కాల్చు. నడుమల ఆరిందంటే నేను ఒప్పుకుంట. ఆరకుంటే నా కట్టలు నువ్వే వంగి ఎత్తి పెట్టాలె."

బీడీ చివరిదాకా కాలింది. వాడు వంగి కట్టలు ఎత్తిపెట్టాడు. ఆ తర్వాత నెల రోజులపాటు ఆమెకు గోనె అడుగున మిగిలిన చిల్లుల ఆకే తూచి ఇచ్చాడు. ఆ ఆకుతోనే ఆమె వెయ్యీ చుట్టింది.

భర్త సాయిలు దీనికి పూర్తిగా ఎదురు. మిల్లులో రెండు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. ఎవరేమన్నా "పోనీ తియ్" అని ఊరుకునేవాడు. అలాంటి మనిషికి రావలసిన నింద కాదు ఆ వచ్చింది. వచ్చినా, చంద్రభాగకు వచ్చి ఉంటే సందు పైకప్పులు లేచిపోయేవి. సాయిలుకు వచ్చింది కాబట్టే పంచాయితీ పెట్టినవాళ్ళకు పని సులువైంది.

ఆ నిందకు మూలం ఒక చేతిగడియారం. చంద్రభాగ తమ్ముడు రామచంద్రం యుద్ధంలో లారీ నడపడానికి బర్మా దాకా పోయి నలభై అయిదులో తిరిగొచ్చాడు. వస్తూ బావకు ఒక గడియారం తెచ్చాడు. వెన్నరంగు డయలు, చీకట్లో పచ్చగా మెరిసే రేడియం ముళ్ళు. అప్పటికి వీళ్ళ కాపురం జోడ్‌భావి పేట్‌లో. రెండు నెలలు తిరక్కుండానే రామచంద్రం జ్వరంతో పోయాడు. మరి కొన్నాళ్ళకు గడియారమూ ఆగింది. బాగుచేయించాలని ఎవరికీ మనసు రాలేదు. అత్త బాలమణి దాన్ని పాత పంచెగుడ్డలో చుట్టి రేకు పెట్టె అడుగున పెట్టింది. తర్వాత ఇల్లు అశోక్ చౌక్ సందుకు మారింది. ఏడేళ్ళు ఆ గడియారం పెట్టెలోంచి కదల్లేదు. కాబట్టి కొత్త సందులో దాన్ని చూసినవాళ్ళు లేరు.

యాభై మూడులో మిల్లులో సమ్మె జరిగింది. రెండున్నర నెలలు పొయ్యిలు సరిగా వెలగలేదు. చివరికి సమ్మె విరిగింది. ఆ రెండున్నర నెలలూ వెనక గేటు గుండా దొంగచాటుగా లోపలికి పోయి సాంచెలు నడిపిన ఆరుగురికి యజమానులు తలా ఒక చేతిగడియారం బహుమతి ఇచ్చారని తెలిసింది. డయలు మీద మిల్లు గుర్తు ఎర్ర ఏనుగు ఉంటుందట. ఆరుగురు ఎవరో మాత్రం బయటికి రాలేదు. కడుపు మాడ్చుకున్న జనం ఏ మణికట్టు మీద ఏనుగు కనిపిస్తుందా అని కాచుకు కూర్చున్నారు.

అంతటితో ఆగకుండా మిల్లు ఇంకో అన్యాయం మొదలుపెట్టింది. పొద్దున మిల్లు సైరన్, భోంగా, కూసిన నిమిషానికే గేటు మూసేవారు. బయట మిగిలినవాడికి ఆ పూట పని లేదు. భోంగా వేళకంటే ముందే కూస్తోందని సాయిలుకు అనుమానం వచ్చింది. అనుమానం ఉంటే చాలదు, చూపించడానికి గడియారం కావాలి. పెట్టె అడుగున ఉన్నది గుర్తొచ్చి, జోడ్‌భావి పేట్‌లో గడియారాలు బాగుచేసే అంబాదాస్ దగ్గరికి తీసుకుపోయాడు. అది మళ్ళీ నడిచింది. రోజూ రైల్వే స్టేషన్ గడియారంతో కలుపుకుని గేటు దగ్గర చూసుకునేవాడు. మిల్లు ఆరు నిమిషాలు ముందే కూస్తోంది. ఇంకో నాలుగు రోజులు చూసి, ఖాయమని తేల్చుకుని సందులో చెబుదామనుకున్నాడు. మిల్లు దొంగతనం పట్టుకోవడానికి కట్టుకున్న గడియారం అది. ఆ నాలుగు రోజులు గడిచేలోపే, మణికట్టు మీద గడియారం చూసిన సందు ఆయన్నే దొంగను చేసింది.

మార్కండేయ గుడి మంటపంలో పంచులు కూర్చున్నారు. వాళ్ళకు పెద్ద పెంటప్ప. అరవై దాటిన చేతిమగ్గం నేతగాడు, గుడ్డను చూసి తీర్పు చెప్పడంలో సోలాపూర్‌లోనే పేరున్న మనిషి. జేబులో ఎప్పుడూ దారాలు లెక్కపెట్టే ఇత్తడి భూతద్దం ఉండేది. పాత చీరకు మళ్ళీ రంగు అద్ది కొత్తదని అమ్మేవాళ్ళు ఆయన్ని చూస్తే మూట కట్టుకుని పోయేవారు. ఆయన గడియారాన్ని కన్ను దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూశాడు. డయలు మీద ఏ గుర్తూ లేదు. కానీ నడిమి నుంచి కుడివైపుకు లేత మట్టిరంగులో ఏదో మరక ఉంది.

"రెండోసారి అద్దిన చీరెను సూడున్రి," అన్నాడు పెంటప్ప. "ఎంత మంచిగ అద్దినా కింది రంగు మెల్లగ పైకి వస్తది. ఇది గూడ గంతే. కింద ఏనుగున్నది. దానిమీద తెల్లరంగు కొట్టిచ్చిండు. కింది రంగు పైకొస్తున్నది."

అంతే. ఆ మాట అన్నాక అందరికీ ఏనుగు కనిపించడం మొదలైంది. ఒకడు తొండం ఇదన్నాడు, ఒకడు దంతం అదన్నాడు. గడియారం చేతులు మారుతూ మంటపమంతా తిరిగింది.

"నా బామ్మర్ది ఇచ్చిండు, మామా," అన్నాడు సాయిలు.

"ఏడున్నడు నీ బామ్మర్ది?"

"పోయిండు గదా."

"మరి సచ్చినోని సాచ్చెం మేమెట్ల తీసుకుంటం?"

మంటపం మెట్ల కింద నిలబడ్డ చంద్రభాగకు ఒళ్ళు భగ్గుమంది. "నా తమ్ముడు తెచ్చిండు, నేను జెప్తున్న గదా! నేను బతికే ఉన్న గదా!" అని అరిచింది. పెంటప్ప ఆమె వైపు తల కూడా తిప్పలేదు. "ఆడోళ్ళకు ఈడ పనిలేదు, ఇంటికి తోలున్రి," అన్నాడు. తమ్ముడు బర్మా నుంచి మోసుకొచ్చిన వస్తువును సమ్మె అమ్ముకున్న కూలి అంటుంటే, అక్కకు మాట్లాడే హక్కు లేదట. ఆ రోజు ఆ మెట్ల దగ్గర మొదలైన కోపం ఆమెలో మళ్ళీ చల్లారలేదు.

తీర్పు చిన్నదే. సాయిలు ఇంటి పడుగుకు ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఇది నేత తెలియనివాళ్ళకు శిక్షలాగే కనిపించదు. మిల్లు పోతే మగ్గమే దిక్కైన నేతవాళ్ళకు మాత్రం గొంతు పిసికినట్టే. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారాలను వీధి పొడుగునా సాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వాలి. ఇదివరకు గుంజలు పాతి వాటికి కట్టేవారు. మునిసిపాలిటీ సందులో రాళ్ళు పరిచాక గుంజ దిగే చోటు లేక, మనుషులే గుంజలయ్యారు. పదహారు మంది, ఎనిమిది కర్రలు. కర్రకు అటొకరు ఇటొకరు పట్టుకుని, గంజి ఆరేదాకా కదలకుండా నిలబడాలి. ఒక్కరు వదిలినా దారాలు ఒకదానికొకటి అంటుకుని పడుగంతా పాడవుతుంది. ఈరోజు నీ పడుగుకు నేను, రేపు నా పడుగుకు నువ్వు. పని అయ్యాక ఆ ఇంటివాళ్ళు అందరికీ చాయ్ పోస్తారు. సందు బతికేది ఈ ఒప్పందం మీదే.

మిల్లులో సాయిలు పక్కన ఎవరూ కూర్చుని తినేవారు కాదు. ఒకరోజు ఆయన నీళ్ళ చెంబులో ఎవరో ఉమ్మేశారు. ఆ సాయంత్రమే ఆయన మిల్లు మానేసి ఇంటికొచ్చాడు. గేటు దగ్గర ఆరు నిమిషాల సంగతి ఎవరికీ చెప్పనే లేదు. నాన్న నాటి చేతిమగ్గం దులిపి, పడుగు సిద్ధం చేశాడు. పొద్దున వీధిలో సాచడానికి ఉన్నది ముగ్గురు. తను, చంద్రభాగ, డెబ్భై ఏళ్ళ బాలమణి. చంద్రభాగ సందు పొడుగునా ప్రతి గుమ్మం ముందూ నిలబడి పేరుపెట్టి పిలిచింది. గోడ పక్కింటి కిష్టయ్య, ఆమె చేతి జొన్న గటక తిని ఎన్నిసార్లు కడుపు నింపుకున్నాడో లెక్కలేని కిష్టయ్య, లోపల ఉండి దగ్గాడు తప్ప బయటికి రాలేదు. పడుగు మధ్యలో కుంగి రాళ్ళకు తగిలింది. గంజి అక్కడే గడ్డకట్టింది. నెల రోజుల సరుకు ముద్దయిపోయింది. బాలమణి ఆ ముద్దను ఒళ్ళో వేసుకుని ఒక్కొక్క దారం విడదీయడానికి మూడు రోజులు కూర్చుంది.

సాయిలు గడియారం విప్పి పెట్టెలో వేశాడు. బజారులో నూలు మూటల గట్టాలు మోసే హమాలీ పనికి పోయాడు. మగ్గం గుంటలో ఎలుకలు చేరాయి. ఆషాఢంలో బాలమణి కన్నుమూసింది. పాడె మోయడానికి జోడ్‌భావి పేట్ నుంచి చుట్టాలు రావలసి వచ్చింది. వర్షం పడుతున్నా సందులో అందరి తలుపులూ తెరిచే ఉన్నాయి. గడపల మీద నిలబడి చూశారు. గడప దాటినవాడు లేడు. పెంటప్ప భార్య ఒక్కతి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి లోపలికి పోయింది. ఆ ఏడుపు చూసి చంద్రభాగకు జాలి కలగలేదు, ఇంకా మండింది.

ఇలా పద్నాలుగు నెలలు. ఈ పద్నాలుగు నెలల్లో చంద్రభాగ సందులో ఎదురుపడిన ప్రతివాణ్ణీ తిట్టింది. కుళాయి దగ్గర తిట్టింది, కిరాణా కొట్లో తిట్టింది, పండగరోజు కూడా తిట్టింది. అప్పుడే ఆమెకు నోరు మంచిది కాదన్న పేరు స్థిరపడింది. ఇంట్లో సాయిలు మాత్రం "పోనీ తియ్యే చంద్రా" అనేవాడు. ఆ మాట వింటే ఆమెకు అందరికంటే ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చేది.

ఒక ఎండపూట అత్త చీరలు ఎండకు వెయ్యాలని ఆమె పెట్టె తెరిచింది. అడుగున గడియారం చేతికి తగిలింది. దాన్ని చాట పక్కన పెట్టి, పొద్దుటి నుంచీ వదిలేసిన ఆకు పని అందుకుంది. బీడీకి ఆకు కత్తిరించడానికి కొలత రేకు ఒకటి ఉంటుంది. ఆ రేకు ఒక ఆకు మీద పొద్దుటి నుంచీ ఎండలో ఉండిపోయింది. తీసి చూస్తే ఆకంతా ఎర్రబారింది, రేకు కింద ఉన్నంత మేర మాత్రం పచ్చగా మిగిలింది. రేకు ఆకారం అంచులతో సహా ఆకు మీద దిగింది. అలాంటి ఆకులు ఆమె బతుకులో వేలసార్లు చూసింది. ఈసారి మాత్రం చెయ్యి ఆగింది.

గడియారం తీసుకుని వెలుతురుకు పట్టింది. డయలు మీది మరక ఏనుగూ కాదు, తొండమూ కాదు. నడిమి నుంచి బయలుదేరిన రెండు చారలు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఆమె పక్కనున్న కాడను గోటితో లాగి ముళ్ళను తిప్పింది. నాలుగూ పది దగ్గరికి వచ్చేసరికి రెండు చారలూ రెండు ముళ్ళ కింద సరిగ్గా ఒదిగి మాయమయ్యాయి. కొంచెం ముందుకు తిప్పింది, చారలు బయటపడ్డాయి. వెనక్కి తిప్పింది, దాక్కున్నాయి. ఏడెనిమిదిసార్లు తిప్పింది. తర్వాత గడియారాన్ని పిడికిట్లో బిగించింది. సంతోషంతో కాదు. ఇంత చిన్న సంగతి, ఇంత పొట్టి ముళ్ళ నీడ, దీనికోసమా మా అత్త దిక్కులేనిదానిలా పోయింది అని.

చాట అక్కడే వదిలేసి, చెప్పులు కూడా మరిచి, జోడ్‌భావి పేట్ దాకా నడిచింది. అంబాదాస్ ఒక దర్జీ కొట్టు మూలన గాజుపెట్టె పెట్టుకుని కూర్చునేవాడు. ఆయనా నేతవాళ్ళ బిడ్డే. కంటికి దుర్బీను అద్దం తగిలించుకుని గడియారం వెనక మూత తీశాడు. డయలును ఊడదీసి బోర్లించాడు, మళ్ళీ వెల్లకిలా తిప్పాడు.

"బఘా వైనీ, ఇటు సూడు వదినా. ఈ అంచుకు గీతలున్నయి గదా, అరవై. గంటకు గంటకు నడుమ లెక్క తప్పలే. చేత్తోని మళ్ళ రాసినోడు ఏడనో ఒకచోట దగ్గర దగ్గర గీస్తడు, లేకుంటే ఒకటి మరుస్తడు. ఆరు కింద ఈ సన్నక్షరాలు సూడు, కోసినట్టున్నయి. మళ్ళ కొట్టిన రంగైతే అక్షరం లావెక్కి పాకుతది. ఎనుక రేకు సూడు, తేజాబుల, అదే యాసిడ్ల, ముంచిన జాడ లేదు. పాత రంగు తియ్యకుండ కొత్త రంగు ఎవడూ వెయ్యడు. ఇది తయారైననాటి డయలే. ఖరా మాల్, అసలు సరుకు."

"మరి ఈ మచ్చ?"

"రేడియం ముళ్ళు. ఒక్క కాడనే ఏండ్లకేండ్లు ఆగితే కింది రంగును కాలుస్తయి. ఎన్నేండ్లు ఆగింది?"

"ఏడేండ్లు."

"గంతే మరి. నాలుగు నెలలల్ల పడే మచ్చ కాదిది. సమ్మె అయినంక రంగేసిన డయలైతే ఈ మచ్చ ఉండనే ఉండది."

చంద్రభాగ ఆయన ముఖంలోకి చూసింది. "పంచాయితికి పది రోజుల ముందల నువ్వే సాఫ్ చేసినవు దీన్ని. అప్పుడు ఈ మచ్చ సూడలేదా, అన్నా?"

అంబాదాస్ దుర్బీను తీసి తుడుచుకున్నాడు. "సూసిన."

"మరి?"

"నన్నెవ్వరు పిలువలే, వైనీ. పెంటప్ప మామ తీర్పు చెప్పినంక నేను పోయి కాదంటే నా ఈ పెట్టె కాడికి మనోడు ఒక్కడన్న వస్తడా? పిల్లలు గలోణ్ణి."

"మా అత్త సచ్చిపోయింది, అన్నా."

ఆయన డయలు మళ్ళీ బిగించి, గడియారం ఆమె చేతిలో పెట్టి, "కావాలంటే ఇప్పుడొచ్చి చెప్త," అన్నాడు.

"వద్దు. నువ్వొస్తే నేను కొనుక్కొచ్చిన సాచ్చెం అంటరు. చెప్పాల్సినప్పుడు చెప్పని నోరు నాకెందుకు?" అని ఆమె కొట్టు దిగింది. తిట్టడానికి నోట్లో ఇంకా చాలా ఉన్నాయి. ఆ తిట్లు వేరేవాళ్ళకు దాచుకుంది.

ఎవరైనా ఆమె నేరుగా పెంటప్ప గుమ్మం ముందుకు పోయి రభస చేస్తుందనుకుంటారు. ఆమె అలా చెయ్యలేదు. ఆమెకు వాళ్ళు బాగా తెలుసు. గుమ్మం ముందు అరిస్తే తలుపు వేసుకుంటారు, మంటపం దగ్గర అరిస్తే ఇంటికి తోలమంటారు. తొమ్మిది రోజులు నోరు మూసుకుని కూర్చుంది. చంద్రభాగ తిట్టడం మానిందేమిటని సందు కొంచెం భయపడింది కూడా. పదో రోజు పొద్దున పెంటప్ప ఇంటి పడుగు వీధిలోకి వచ్చింది.

పదహారు మంది నిలబడ్డారు. తెల్లటి పడుగు సందు మొదలు నుంచి చివరిదాకా నడుమెత్తున సాగింది. పెంటప్ప మోచేతుల దాకా గంజి పూసుకుని కుంచె లాగుతున్నాడు. గంజి పట్టింది, ఇక ఆరేదాకా ఎవరూ కదలడానికి లేదు. అప్పుడు చంద్రభాగ ఇంట్లోంచి బయటికొచ్చింది.

మొదటి కర్ర దగ్గర కిష్టయ్య. ఆయన ముక్కుకు తగిలేంత దగ్గరగా గడియారం పెట్టింది.

"సూడు కిష్టయ్య బావా. ఇది ఏనుగు తొండమన్నది నువ్వే గదా. మంచిగ సూడు."

"ఇప్పుడేందే చంద్రభాగా, పడుగున్నది..."

"పడుగున్నదనే వచ్చిన. లేకుంటే నువ్వు ఇంట్లకు పోయి దగ్గుతవు. సూడు, ముల్లు తిప్పుతున్న. నాలుగూ పది. ఏదీ నీ తొండం? ఏడికి వాయె?"

కిష్టయ్య ముఖం తిప్పబోయాడు. ముఖంతోపాటు భుజం తిరిగింది, కర్ర ఊగింది. "కర్ర!" అని పక్కవాడు కేక వేశాడు. కిష్టయ్య మళ్ళీ నిటారుగా నిలబడి చూడక తప్పలేదు. ముల్లు జరిగితే నీడ, ముల్లు వస్తే నీడ లేదు. మూడుసార్లు చూపించి ఆమె రెండో కర్రకు పోయింది. అలా ప్రతి మనిషి దగ్గరా ఆగింది. ఎవణ్ణీ తొందరపెట్టలేదు, ఎవణ్ణీ వదల్లేదు. ఏడేళ్ళు పెట్టెలో ఆగిపోయిన ముళ్ళు చేసిన మచ్చ ఇదని ప్రతివాడికీ మొదటి నుంచి చెప్పింది. చెబుతూ మధ్యమధ్యలో వాళ్ళ వాళ్ళకు రావలసినవి కూడా కలిపింది.

"నువ్వు మా ఆయన చెంబుల ఉమ్మేసినవు. కాదని అను. అనలేవు, నాకెరుక." "నీ తల్లికి నడుము విరిగితే మా అత్తనే గదా నూనె రాసింది? ఆమె పాడె నీ గడప ముందట్నుంచే పోయింది." "నీకు తొండం చాలక దంతం గూడ కనిపిచ్చె గదా? ఇప్పుడు సూపెట్టు దంతం."

 ఆ పదహారు మందీ చేతులు ఖాళీగా ఉంటే కనీసం ముఖం తుడుచుకునేవారు. ఆ వీలూ లేదు. గడపల్లో ఆడవాళ్ళు గుమిగూడారు. కుంచె చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

చివరికి ఆమె పెంటప్ప ముందు నిలబడింది. ఆయన చేతులు గంజిలో ఉన్నాయి. ఆమె అడక్కుండానే ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఇత్తడి భూతద్దం తీసింది. మామ వరసైన పెద్దమనిషి జేబులో కోడలు చెయ్యి పెట్టడం సందులో ఎవరూ ఎరుగరు. 

"నీ అద్దంతోనే సూడు మామా. నీ కన్ను మీద నాకు నమ్మకమే. నువ్వు గుడ్డను సూసినట్టు గడ్యారాన్ని సూసినవు, గదే తప్పు. ఇది నేసిన గుడ్డ గాదు. కింది నుంచి పైకొచ్చిన రంగు గాదిది, పై నుంచి కిందికి పడ్డ మచ్చ. గీతలు లెక్కపెట్టు. అక్షరాలు సూడు. పొద్దెక్కినా సరే, నేను పట్టుకునే ఉంట."

పెంటప్ప చూశాడు. ఆమె ముల్లు తిప్పింది, ఆయన చూశాడు. పెదవులు కదిలాయి, గీతలు లెక్కపెడుతున్నాడు. ఎంత మూర్ఖుడైనా కన్ను మాత్రం అబద్ధం ఆడలేని మనిషి. లెక్క ముగిసేసరికి ఆయన ముఖం వడిలిపోయింది.

"నా కన్ను తప్పింది," అన్నాడు మెల్లగా.

"నాకు చెప్పుడు గాదు. మంటపంల ఎంత గట్టిగ అన్నవో అంత గట్టిగ అను."

"చంద్రభాగా..."

"అను మామా."

"నా కన్ను తప్పింది!" అని పెంటప్ప అరిచాడు. ఆ గొంతు సందు చివరిదాకా పోయింది. "సాయిలు ఏ తప్పు జెయ్యలే. డయలు అసలుదే. తప్పు నాది."

అప్పుడే, గట్టాలు మొయ్యడానికి బయలుదేరిన సాయిలు అరుపులు విని వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. ఏం జరుగుతోందో ఆయనకు అర్థం కాలేదు. ఆయన కంటికి పడింది ఒక్కటే. నాలుగో కర్ర దగ్గర ముసలి చేతులు సడలి, పడుగు మధ్యలో కుంగుతోంది. ఒక్క అంగలో పోయి, ఆ ముసలాయన చేతిలోంచి కర్ర అందుకుని బిగబట్టాడు. పడుగు మళ్ళీ సమానమైంది.

చంద్రభాగకు ఒళ్ళు మండిపోయింది. పద్నాలుగు నెలలు ఈ మనిషి పేరు కోసం తను కుక్కలా అరిస్తే, ఈయన వచ్చి పెంటప్ప పడుగు మొయ్యడమా!

"వదులు! వదులు దాన్ని! మన పడుగు నేల మీద పడ్డనాడు వీళ్ళల్ల ఒక్కడన్న వచ్చిండా? పాడు కానీ! వీళ్ళది గూడ ముద్ద కానీ!"

"గంజి ఆరుతున్నదే చంద్రా," అన్నాడు సాయిలు. "నూలేం తప్పు జేసింది?"

ఆమె విసవిసా ఆయన దగ్గరికి పోయింది. కొడుతుందేమోనని కిష్టయ్య అనుకున్నాడు. ఆమె గడియారాన్ని ఆయన ఎడమ మణికట్టుకు చుట్టింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. తీసుకుంటే కర్ర వదలాలి. తీసుకోలేదు.

"వద్దే. పెట్టెల ఉండనీ."

"నా తమ్ముడు నీకిచ్చిండు. వీళ్ళకు గాదు. పెట్టెకూ గాదు."

"రేపు మీ పడుగు వెయ్యమ్మా," అన్నాడు పెంటప్ప వెనక నుంచి. "అందరం వస్తం."

"వస్తరు. రాక ఏడికి పోతరు? వచ్చి పట్టుకుంటరు. నా ఇంట్ల చాయ్ మాత్రం ఒక్కనికి గూడ పొయ్య," అంది ఆమె తల తిప్పకుండా. పట్టీని ఎప్పుడూ పెట్టే మూడో రంధ్రానికి పెట్టింది. గడియారం కిందికి జారింది. నాలుగో దానికి పెట్టింది. జారింది. చివరి రంధ్రానికి పెట్టి వదిలింది. అప్పుడు కూడా గడియారం పద్నాలుగు నెలల్లో ఎండిన ఆ చేతి మీద నుంచి జారి, కర్ర పట్టుకున్న వేళ్ళ మొదట్లో వచ్చి ఆగింది.

నడిమిన నాలుగో కర్ర దగ్గర జరిగింది కాబట్టి అందరికీ కనిపించింది. మిగతా పదిహేను మందీ కర్రలు పట్టుకుని అది చూస్తూ నిలబడ్డారు. చంద్రభాగ గడియారాన్ని పైకి నెట్టి, అది మళ్ళీ జారకుండా ఆయన మణికట్టును తన రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. గంజి ఆరేదాకా అలాగే పట్టుకుని, ఎదురుగా ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ తిడుతూనే ఉంది.